పొగగొట్టం బంగళా పంఖా

నేను ఇదివరకు ఏదీ రాసినదాన్ని కాను. మిషన్ బళ్ళో మూడో తరగతి దాకా పలక మీద రాశాను, తడిగుడ్డతో తుడిచేశాను. అంతే నా రాత. మా పాస్టరమ్మ గారు "నోటితో ఎలాగూ చెప్పవు, కాగితం మీదైనా చెప్పు" అంటే కూచున్నాను. ఇది సంపూర్ణమ్మ అని, లేసు అల్లే ఒకావిడకి జరిగింది. ఆవిడ నాకు బాగా తెలుసు. ఎంత బాగా అంటే, ఎక్కడెక్కడ తన ధైర్యం ఎక్కువ చేసి చెబుతుందో కూడా తెలుసు. అక్కడక్కడ తగ్గించి రాస్తాను.

నరసాపురం దాటి కాలవగట్టున పోతుంటే పొగగొట్టం బంగళా వస్తుంది. దీపాలు పెట్టే వేళ దాటాక ఆ గట్టున ఎవరూ నడవరు. పడవవాళ్ళు సైతం అక్కడికొచ్చేసరికి పాట ఆపేసి, గెడ గబగబా వేస్తారు. ఎందుకంటే ఆ బంగళాలో మనుషులు లేరు... పంఖా మాత్రం ఊగుతుంది.

కాలవ తవ్వించడానికి వచ్చిన మార్లో దొర కట్టించాడు దాన్ని. ఇంగ్లీషు సీమలో వాళ్ళ నాన్నకి పొలాల మధ్య పెద్ద ఇల్లు ఉండేదట. అచ్చం అలాంటిదే కావాలని, రాజమండ్రి నుంచి టేకు దూలాలు గోదాట్లో తేలేయించి తెప్పించాడు. అచ్చం అలాంటిదే అంటే, చలి కాచుకోడానికి గోడలో పొయ్యి, పైన పొగగొట్టంతో సహా. మన రోహిణీ కార్తెలో! ఆ పొయ్యి ఒక్కనాడూ వెలగలేదు. దొర మాత్రం జ్వరంలో కాగి కాగి పోయాడు.

తర్వాత అతని తమ్ముడు వచ్చి బియ్యం, నువ్వులు ఓడలకెత్తించాడు. రేవు మేటవేసి ఓడలు రావడం మానేస్తే అమ్మేసి పోయాడు. కొన్నది ఒక ముసలి దొర, ఆయన దొరసాని. దొర కాలం చేశాడు. దొరసాని సీమకి వెళ్ళలేదు. ఒక్కతే, హాలు మధ్య మంచం వేయించుకుని, దూలానికి వేలాడదీసిన చెక్క పంఖా కిందే ఉండేది. పంఖా క్షణం ఆగితే కర్రతో నేల మీద కొట్టేదట — టక్... టక్... గోడవతల తాడు లాగే మనిషి గుండె జారిపోయేలా.

ఒక వేసవి రాత్రి నిద్రలోనే పోయింది. తెల్లారేదాకా పంఖా ఆ శవం మీద ఊగుతూనే ఉందట...

ఆనక ధాన్యం వ్యాపారి వెంకటరాజు గారు చవగ్గా వచ్చిందని కొన్నారు. ఒక్క రాత్రి పడుకున్నారు. తెల్లారి తాళమైనా వెయ్యకుండా వెళ్ళిపోయారు. తాళం అవసరమూ పడలేదు. ఆ గుమ్మం ఎక్కే దొంగ ఈ జిల్లాలో పుట్టలేదు.

ఇక సంపూర్ణమ్మ సంగతి. బల్లి అరిస్తే ఉలిక్కిపడుతుంది. బజారుకి వంకాయల కోసం వెళ్ళి తోటకూరతో వస్తుంది, వంకాయలు అడగడానికి మొహమాటపడి.

ఆ ఏడు గోదారి పొంగి నాట్లు కొట్టుకుపోయాయి. ఆవిడ ఉండే పేటలో ఆడవాళ్ళకి లేసు తప్ప వేరే ఆధారం లేదు. అప్పుడు మిషన్ దొరసాని గారు అందర్నీ పిలిచి, సీమ నుంచి పెద్ద పని వచ్చిందన్నారు. పూర్వం రత్తమ్మ అల్లిన పెద్ద పువ్వు కావాలిట. సోమవారం పొద్దున్నకి నమూనా ఇస్తే చలికాలం దాకా పేటంతటికీ పని. లేకపోతే పాలకొల్లు వాళ్ళకి పోతుంది.

రత్తమ్మ అంటే సంపూర్ణమ్మ తల్లి. నేర్పకుండానే కన్నుమూసింది.

"మీ అమ్మ పువ్వు నీకు వచ్చునా?" అని దొరసాని గారు అడిగారు.

రాదని చెప్పాలంటే నోరు తెరవాలి. అదీ అంతమంది ముందు. తల ఊపడం సులువు. ఊపేసింది.

"బతికించావే తల్లీ," అంది పక్కింటి సువార్తమ్మ. "మా పిల్లల గంజి నీ చేతిలో ఉందింక."

అప్పట్నుంచి సంపూర్ణమ్మ అల్లడం, విప్పడం. ఒకటి కాస్త కుదిరిందనుకుంటే సువార్తమ్మ తొంగిచూసి, "ఏంటే ఇది, పీతా?" అంది.

"ఇంకా అవలేదక్కా," అంది సంపూర్ణమ్మ.

అమ్మ చేతి పువ్వు ఇంకొక్క చోటే మిగిలింది. బంగళా దొరసాని ముచ్చటపడి పంఖా చెక్కకి అల్లించుకున్న లేసు అంచు.

పగలే వెళ్ళొచ్చు. కానీ పగలైతే ఎవరో ఒకరు చూసి ఎక్కడికే అంటారు. పువ్వు రాదని ఒప్పుకోవాలి. దెయ్యమైతే ఏమీ అడగదు కదా అని, ఆదివారం రాత్రి పేట సద్దుమణిగాక లాంతరు పట్టుకుని బయల్దేరింది.

గట్టెక్కగానే పరలోక ప్రార్థన అందుకుంది. సగం దారిలో అది రెండో ఎక్కంలోకి జారిపోయింది. రెండార్లు పన్నెండు... రెండేళ్ళు పధ్నాలుగు... ఆమెన్.

తలుపు తోసింది. గబ్బిలాల కంపు. లోపల ఏదో కిర్రు... కిర్రు... లాంతరు పైకెత్తింది.

పంఖా ఊగుతోంది.

ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పెద్ద చెక్క... మెల్లగా ఇటు... మెల్లగా అటు... కింద ఖాళీ మంచం.

ఇంకొకరైతే కేకైనా వేసేవారు. సంపూర్ణమ్మకి అదీ రాలేదు. పారిపోదామంటే కాళ్ళు మాట వినలేదు. ఇలా కాళ్ళు మాట వినకపోవడాన్నే తర్వాత ఆవిడ 'నిలబడ్డాను' అని చెప్పుకుంది. నేను కొట్టేస్తున్నాను.

కాళ్ళు చచ్చుపడ్డా కళ్ళు పనిచేస్తున్నాయి. అంచు చూసింది. దుమ్ముపట్టి నల్లబడింది గానీ అమ్మ చెయ్యే. నడిమి గుండ్రం నుంచి గొలుసు ఎలా లేచిందో చూడబోతే... అటు పోయింది. రేకు ఎక్కడ మడిచిందో చూడబోతే... ఇటు వచ్చింది. లెక్క తప్పింది. మళ్ళీ మొదలు. మళ్ళీ తప్పింది.

భయం తగ్గలేదు. దాని పక్కనే విసుగు కూడా వచ్చి కూచుంది. తెల్లారితే సోమవారం. పేటలో అందరి గంజీ ఆ దిక్కుమాలిన చెక్కతో పాటు అటూ ఇటూ ఊగుతోంది. బుద్ధెరిగాక ఎవర్నీ ఏదీ అడగని మనిషి, ఆ చీకట్లో, గుసగుసగా అంది —

"కాస్త ఆపండి."

పంఖా ఆగింది.

అంచు ఒకసారి వణికి, నిలబడిపోయింది. ఇల్లంతా నిశ్శబ్దం... ఎవరో చెవి ఒగ్గి వింటున్నట్టు...

దెయ్యం మాట వినకపోయినా ఆవిడకి ఇంత భయం వేసేది కాదు. ఆవిడ మాట ఇంట్లో మొగుడే వినడు, అది అలవాటే. చెప్పిన మాట వినే దెయ్యంతో ఏం చెయ్యాలో ఎవరూ నేర్పలేదు.

ఒక చేత్తో లాంతరు, ఇంకో చేత్తో లాంతరు పట్టుకున్న చెయ్యి పట్టుకుని, లెక్కపెట్టింది. గొలుసు, మడత, రేకు, చివరి ముడి. అంతా మనసులో పడ్డాక, మర్యాదకి 'ఇంక చాలండి' అందామనుకుంది. గొంతు పెగల్లేదు. ఈసారి కాళ్ళు మాత్రం విన్నాయి. ఎలా వచ్చిందో, చెప్పు ఎక్కడ జారిందో, ఇంటికొచ్చి పడింది.

తెల్లవార్లూ అల్లింది. పువ్వు వచ్చింది.

సోమవారం పొద్దున్నే మిషన్ దొరసాని గారు దాన్ని తిరగేసీ బోర్లేసీ చూసి, "రత్తమ్మే అల్లినట్టుంది" అన్నారు. పని పేటకి దక్కింది. ఆడవాళ్ళంతా సూదులూ దారాలూ పట్టుకుని సువార్తమ్మ అరుగు మీద చేరారు, పువ్వు నేర్చుకోడానికి.

అప్పుడే ముసలయ్య తాత కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. పగలంతా చర్చి అరుగు మీద నిద్రపోయే మనిషి.

"ఏంటి తాతా, సూర్యుడు లేచాక కూడా మెలకువగా ఉన్నావు?" అంది సువార్తమ్మ. "ఒంట్లో బాగాలేదా?"

"రాత్రి పడుకున్నానమ్మా," అన్నాడు తాత. "బంగళా దొరసాని గారు పోయాక ఇదే మొదలు, రాత్రి పడుకోడం."

అరుగు మీద చేతులన్నీ ఆగాయి.

"ఆ పంఖా లాగేది నేనేనమ్మా. ఆవిడ ఉండగా లాగాను. పోయాకా లాగుతున్నాను. ఆపమని ఆవిడ చెప్పలేదుగా మరి. చెప్పకుండా మానేస్తే చెవిలో ఆ కర్ర చప్పుడు... కునుకు పట్టనివ్వదు. అందుకని చీకటి పడగానే వెనక వసారాలో తాడు పట్టుకుని కూచునేవాణ్ణి."

"మరి రాత్రి?"

"రాత్రి చెప్పారమ్మా. కాస్త ఆపండి అన్నారు." తాత పైగుడ్డతో కళ్ళు ఒత్తుకున్నాడు. "నన్ను, అండి అన్నారు. బతికుండగా ఒక్కనాడు అనలేదు."

సంపూర్ణమ్మకి అంతా తెలిసిపోయింది. తన దెయ్యం ఈ తాత. ఈ తాతకి దెయ్యం తను. నవ్వు పొట్టలోంచి తన్నుకొచ్చింది. కానీ నిజం చెప్పేస్తే పాపం ముసలాయన ఈ రాత్రికి మళ్ళీ తాడు పట్టుకుంటాడు. జన్మలో మొదటిసారి, నోరు మూసుకోవడం వల్ల ఒకరికి మేలు జరుగుతోంది. తల వంచుకుని, గొప్పగా, నోరు మూసుకుంది.

"అంతేనా? ఇంకేం అన్లేదా ఆవిడ?" అంది సువార్తమ్మ, పళ్ళతో దారం కొరుకుతూ.

"అన్నారు. కాస్త ఆపమన్నారంటే మళ్ళీ లాగాలి కదా అని, నేను తాడు వదల్లేదు. ముందర అన్న గొంతు సన్నగా ఉంది, ఆనవాలు పట్టలేకపోయాను. ఎవరో పరిగెత్తినట్టు అడుగులు వినబడ్డాయి. తర్వాత చాలాసేపటికి... గోడకి అవతల, నా చెవి దగ్గరే... 'చాలు ముసలయ్యా, ఇంటికి పో' అన్నారు. అది మాత్రం నాకు తెలిసిన గొంతేనమ్మా. ఆవిడదే."

సంపూర్ణమ్మ చేతిలో సూది జారి, మెట్ల మీంచి దొర్లి వీధిలో పడింది.

లేచి వెళ్ళి తెచ్చుకోలేదు. అరుగు అంచున కూచున్నది కాస్తా మధ్యకి జరిగింది, నాలుగువైపులా మనుషులుండేలా. పక్కావిడ సూది లాక్కుని పువ్వు నేర్పడం మొదలెట్టింది. ఎవరైనా లేవబోతే "కూచో వదినా, ఆ రేకు ఇంకోసారి చూపిస్తాను" అని కొంగు పట్టుకుంది. అన్నేళ్ళలో మాట్లాడని మాటలన్నీ ఆ పొద్దున్నే మాట్లాడేసింది. పొయ్యిలు వెలిగించే వేళకి అందరికీ పువ్వు వచ్చేసింది. అయినా ఒక్కర్ని కూడా ఇంటికి పోనివ్వలేదు.