ఇసుక మూటలు ఎత్తిన రోజు

"ఆ ఇంజన్ ఎత్తాలంటే ముందు నన్ను దాటుకొని పోవాల!" షెడ్డు వాకిట్లో చేతులు చాపి నిలబడింది పద్మావతి.

సోమందేపల్లి హైవే పక్కన ట్రాక్టర్లు బాగుచేసే ఆమె భర్త పాపన్న, రెండు నెలలు కష్టపడి షెడ్డులో సొంతంగా క్రేన్ కట్టుకున్నాడు. పాత ఇనుప దూలం, దానిమీద అటూ ఇటూ దొర్లే చక్రాలు, వాటికి వేలాడుతూ, గొలుసు లాగితే బరువునెత్తే చైన్ బ్లాకు... అంతా తన చేతి వెల్డింగే! ఇంజన్లు మోసి మోసి నడుము పట్టేసి, అతను మంచం దిగలేని రోజులెన్నో! అప్పుడు కాపడం పెట్టిన పద్మావతికి ఆ క్రేన్ మీద కోపమెందుకుంటుంది? కానీ ఎంత బరువు మోస్తుందని అడిగితే, "మోస్తాదిలే" అన్నాడే తప్ప లెక్క చెప్పలేకపోయాడు...

"ఇరవై ఏండ్లుగా వెల్డింగ్ చేస్తాండా! నా చేతిమీద నమ్మకం లేదా?" పాపన్న రోషంగా దూలం వైపు చెయ్యి చూపించాడు.

"నీ చేతిమీద ఉండాది. ఆ పాత ఇనుము మీదే లేదు! దాని కింద పడుకొని బోల్టులు ఇప్పేది నువ్వు కదయ్యా... నీకేమన్నా అయితే నేను యాడికి పోవాల?" పద్మావతి కళ్లు నిండిపోయాయి.

అత్త రంగనాయకమ్మ కర్ర ఊతంగా వచ్చింది. "రేయ్, కొత్త తాడైనా లాగి చూసినంకనే బావిలోకి దిగుతాం. ముందు ఇసుక మూటలు ఎత్తి చూడు!"

సణుక్కుంటూనే ఇంజన్‌కన్నా బరువుగా మూటలు కట్టాడు పాపన్న. ఆడవాళ్లిద్దరినీ బయట నిలబెట్టి, తాను పక్కకు జరిగి చైన్ లాగాడు. మూటలు జానెడు లేచాయో లేదో... ఫట్! చక్రాల దగ్గర అతుకు ఊడింది. మూటలు పగిలి షెడ్డంతా ఇసుక!

పాపన్న నేలమీద కూలబడ్డాడు. "నేను ఆడనే పడుకోవాల్సింది పద్మా..." అంటూ భార్య చేతులు పట్టుకున్నాడు. ఇద్దరూ ఏడ్చారు... అంతలో ఇసుకతో తెల్లబడిన అతని మీసాలు చూసి పద్మావతికి నవ్వాగలేదు!

"ఏడ్చేదీ నవ్వేదీ అయినంక చీపురు పట్టండప్పా!" అంది రంగనాయకమ్మ.

మరుసటి వారం హిందూపురం నుంచి తెలిసిన ఇంజనీరు వచ్చి కొలతలు చూశాడు. ఆయన చెప్పినట్టే దూలం మార్చి, అతుకుల దగ్గర మందపాటి ఇనుప పలకలు బోల్టులతో బిగించారు. మళ్లీ ఇసుకతో పరీక్షించారు. ఎంత బరువు దాటకూడదో దూలం మీద ఎర్రరంగుతో పెద్దగా రాశారు.

మొదటి ఇంజన్ మెల్లగా గాల్లోకి లేచిన రోజు, కనగానపల్లి రైతొకాయన ఆనందం పట్టలేక దాని కిందికే పోబోయాడు.

"ఆగప్పా!" పాపన్న గట్టిగా అరిచాడు. "దాని కిందికి పోతే మా ఆడమనిషి నిన్నూ నన్నూ ఇద్దర్నీ బయటికి తరుముతాది!"