మధ్యలో ఒక ‘క’

ఆ ఇంట్లో సొట్ట పడని గిన్నె లేదు. ఇడ్లీ పాత్ర మూత, చారు గిన్నె, దేవిశ్రీ పాలు తాగే స్టీలు గ్లాసు, అన్నీ ఎప్పుడో ఒకప్పుడు సత్యప్రసాద్ చేతిలోంచి గోడకు వెళ్ళి వచ్చినవే. ఆ ఆదివారం పొద్దున వంతు పచ్చడి గిన్నెకు వచ్చింది.

"నోట్లోంచి వేలు తియ్యవే!" అంటూ విసిరాడు. గిన్నె గుమ్మానికి తగిలి దొర్లింది. కొబ్బరి పచ్చడి గోడ మీద చారలుగా కారింది. ఎనిమిదేళ్ళ దేవిశ్రీ బొటనవేలు తీసి వీపు వెనక దాచుకుంది. తండ్రి అటు తిరగగానే ఆ వేలు మళ్ళీ నోటికి చేరింది.

అప్పాయమ్మ తడిగుడ్డ తెచ్చి గోడ తుడిచింది. కొడుకు విసిరితే తుడవడం ఆవిడకి కష్టమనిపించదు. అంతకుముందు ఇరవై ఏళ్ళు మొగుడు విసిరినవి తుడిచిన చెయ్యి అది.

"పిల్లని అలా హడలగొడితే ఎలాగండీ? డాక్టరుగారు ఏం చెప్పారు?" అంది సుప్రియ.

"ఆ, చెప్పారు. పళ్ళకి ప్లేటూ పెట్టించాం. వేలు మానిందా? రేపు ఇదీ నాలాగే అవుతుంది. స్కూల్లో నన్నొక్కడైనా పేరు పెట్టి పిలిచాడా? పళ్ళోడా, పళ్ళోడా అనేవాళ్ళు. మగాణ్ణి కాబట్టి మీసం పెంచి కప్పుకున్నాను. ఇదేం పెంచుతుంది?"

సుప్రియకి నవ్వు రాలేదు. అతనూ నవ్వించడానికి అనలేదు. బండి స్టార్ట్ చేసి పొలాల మీదికి వెళ్ళిపోయాడు. దాళ్వా పంట కోతల రోజులు, అతను నడిపేది వరికోత మిషను.

కిందటి వారమే పిల్లని నిడదవోలు నుంచి రాజమండ్రి తీసుకెళ్ళి ఉమాశ్రీ అనే పళ్ళ డాక్టరుకి చూపించారు. "పై పళ్ళు ముందుకు తోసుకొచ్చాయి. కిందవీ పైవీ కలవడం లేదు. ఇప్పుడే తీసుకురావడం మంచిదైంది. దవడ ఇంకా ఎదుగుతోంది కాబట్టి చెప్పినట్టు వింటుంది. పద్నాలుగేళ్ళు వచ్చాక వస్తే కొన్ని పళ్ళు పీకాల్సి రావచ్చు. కానీ వేలు మానితేనే నేను చేసింది నిలుస్తుంది" అని ఆవిడ చెప్పింది. అంగిట్లో పెట్టుకునే గులాబీరంగు ప్లేటు ఒకటి ఇచ్చింది. దానికి ముందు పళ్ళను పట్టే సన్నటి తీగ ఉంది. దాంతోపాటు తెలుగులో అచ్చేసిన కాగితం కూడా ఇచ్చింది.

తను పనిచేసే బట్టల షాపుకి బయలుదేరుతూ సుప్రియ ఆ కాగితం అత్తగారి చేతిలో పెట్టింది. "ఇందులో రాసినట్టు చూసుకోండి అత్తయ్యగారూ. మీరు చదవగలరు కదా. మధ్యాహ్నానికల్లా వచ్చేస్తాను."

చదవగలరు కదా అన్న మాటకి అప్పాయమ్మ ముఖం వెలిగింది. అరవై రెండేళ్ళు వేలిముద్రతో గడిపిన మనిషి ఆవిడ. దేవిశ్రీ ఒకటో క్లాసు పుస్తకం తెచ్చుకున్న ఏడాది, పలక ముందు కూచోబెట్టి మామ్మకి అక్షరాలు దిద్దించింది. గుణింతాలు వచ్చేశాయి. ఒత్తులంటే మాత్రం ఇప్పటికీ భయమే.

కళ్ళజోడు పెట్టుకుని కాగితం విప్పింది. మొదటి రెండు లైన్ల నిండా ఒత్తులు. వాటిని తర్వాత చూద్దామని వదిలేసింది. మూడో లైను సుళువుగా ఉంది. వేలు పెట్టి కూడబలుక్కుంది.

"వే-లి-కి కా-రం, వే-ప-ర-సం పూ-య..."

చూపు అక్కడ ఆగింది. మిగతాది చూడాల్సిన పని లేదనిపించింది. "పూయండి" అనుకుంది. "చదువుకున్నావిడైనా మన మందే రాసింది" అని మురిసిపోయింది.

దేవిశ్రీ చాప మీద పడుకుని టీవీ చూస్తోంది. అప్పాయమ్మ గిన్నెలో ఎండుకారం ముద్దలా కలిపి తెచ్చింది.

"ఏంటది మామ్మా?"

"మందు, బంగారం. డాక్టరమ్మ రాసింది."

"మంటపుడుతుందా?"

"నోట్లో పెట్టుకోకపోతే పుట్టదు."

రెండు బొటనవేళ్ళకీ పట్టించి వంటింట్లోకి వెళ్ళింది. పావుగంట గడవలేదు, పిల్ల పెట్టిన కేకకి చేతిలో గరిట జారిపోయింది. పరిగెత్తుకొచ్చేసరికి దేవిశ్రీ చాప మీద గిలగిల కొట్టుకుంటోంది. మండే నోటిని తుడుచుకున్న చేత్తోనే కళ్ళు నలుపుకుంది. నోట్లోకి చెయ్యి దూర్చి ప్లేటు పీకి విసిరింది. అది గుమ్మం దాటి అరుగు రాయికి తగిలి రెండు ముక్కలైంది. అప్పాయమ్మ కుళాయి కింద పిల్ల ముఖం కడుగుతూనే ఉంది. ఏడుపు ఆగలేదు.

సరిగ్గా అప్పుడే సత్యప్రసాద్ భోజనానికి వచ్చాడు. చెప్పు కింద ఏదో నలిగింది. వంగి తీశాడు. గులాబీరంగు ముక్క.

"ఏంటిది?"

"మామ్మే, కారం..."

మాట పూర్తి కాలేదు, చెంప పగిలింది. రెండో దెబ్బకి పిల్ల గోడకి కొట్టుకుంది. మూడోది మూతి మీద పడింది. ఎత్తుగా ఉన్న ఆ ముందుపళ్ళే పెదవిని లోపల్నుంచి కోశాయి. గౌను మీద రక్తం బొట్లు బొట్లుగా పడింది. అది చూసినా అతని చెయ్యి ఆగలేదు. రెక్క పట్టి వంటింట్లోకి ఈడ్చుకెళ్ళాడు. పొయ్యి వెలిగించి అట్లకాడ మంటలో పెట్టాడు.

"ఒరేయ్ ప్రసాదూ, ఏం చేస్తున్నావురా!"

"నువ్వు చేసిందే! నాకు ఆరేళ్ళప్పుడు ఈ వంటింట్లోనే కదా వాత పెట్టావు?" తన కుడి బొటనవేలు చూపించాడు. గోరు కింద చర్మం ఇప్పటికీ మైనంలా మెరుస్తోంది. "కాలితేగానీ మానదు."

షాపు నుంచి అప్పుడే వచ్చిన సుప్రియ సంచి గుమ్మంలో పడేసి వెనక నుంచి అతని చొక్కా పట్టి లాగింది. మోచేత్తో ఒక్క తోపు తోశాడు. ఆమె తల ఫ్రిజ్ అంచుకు తగిలింది. కళ్ళు తిరిగి కూలబడింది. అట్లకాడ కొస ఎర్రబడింది. పిల్ల మణికట్టు గట్టుకు అదిమి పట్టి అతను అట్లకాడ దించాడు.

లాగే బలం అప్పాయమ్మకి లేదు. చిన్న బొటనవేలి మీద తన అరచెయ్యి కప్పింది.

చుర్రుమంది. చర్మం కాలిన వాసన వచ్చాకగానీ ఆ చెయ్యి ఎవరిదో సత్యప్రసాద్‌కి తెలియలేదు. అట్లకాడ కింద పడి మోగింది. అప్పాయమ్మ అరవలేదు. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కింద కూచుంది.

అతను పిల్లని వదిలాడు. దేవిశ్రీ గ్యాస్ సిలిండరుకీ గోడకీ మధ్య ఇరుక్కుని కూచుంది. అందరూ చూస్తుండగానే కారం ఇంకా పూర్తిగా పోని ఆ వేలే, రక్తం కారుతున్న నోట్లో మళ్ళీ పెట్టుకుంది. మంటకి కళ్ళవెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. వేలు మాత్రం తీయలేదు.

"దాని వేళ్ళకి కారం ఎవరు పూశారు?" అడిగింది సుప్రియ.

"నేనేనమ్మా. డాక్టరమ్మ రాసిందిగా." అప్పాయమ్మ బొడ్లోంచి కాగితం తీసింది. "పూయండి అని."

సుప్రియ కాగితం చూసింది. "పూయకండి అత్తయ్యగారూ. మధ్యలో ‘క’ ఉంది. పూయకండి."

అప్పాయమ్మ ఆ అక్షరం వంక చూసింది. దేవిశ్రీ తనకి పలక మీద దిద్దించిన అక్షరమే.

"పైన రెండు లైన్లేంటమ్మా? నాకు రాలేదు."

సుప్రియ చదివింది. "బిడ్డను కొట్టకండి. భయపెట్టకండి. భయం వేసినప్పుడే ఎక్కువమంది పిల్లలు వేలు నోట్లో పెట్టుకుంటారు."

పొయ్యి అలాగే మండుతోంది. సత్యప్రసాద్ వెళ్ళి కట్టేశాడు.

"వాత పెట్టాక మానేశావా నువ్వు?" అడిగింది అప్పాయమ్మ.

"పదో క్లాసు దాకా మానలేదు. దుప్పటి ముసుగు పెట్టుకుని..."

"నాకు తెలుసురా. మీ నాన్న చెయ్యెత్తినప్పుడల్లా నీ వేలు నోట్లోకి వెళ్ళేది. ఆయన్ని ఏమీ అనలేక నీ వేలు కాల్చాను. ఇవాళ దీనికి కారం పూశాను." ఆవిడ కాలిన అరచెయ్యి వంక చూసుకుంది. "నా పాపం నీ చేతికొచ్చిందిరా."

సత్యప్రసాద్ పిల్ల వైపు ఒక అడుగు వేశాడు. పిల్ల సిలిండరు వెనక్కి ఇంకా నక్కింది. అది చూసి అతను ఉన్నచోటే కూలబడి, తల బాదుకుంటూ ఏడ్చాడు.

ఆ సాయంత్రమే సుప్రియ కూతుర్ని తీసుకుని తునిలో పుట్టింటికి వెళ్ళిపోయింది. "పిల్ల పెదవి మానాక రాజమండ్రి తీసుకొస్తాను. మీరక్కడికి రండి. ఇంటికి రావాలో వద్దో అప్పుడు చెప్తాను" అంది.

మూడు వారాల తర్వాత ఆసుపత్రిలో డాక్టరు ఉమాశ్రీ, అప్పాయమ్మ చేతి కట్టు చూసి "ఏమైందమ్మా?" అంది.

"నూనె పడిందండి" అంది అప్పాయమ్మ.

"కాదండి. నేనే కాల్చాను." సత్యప్రసాద్ తలెత్తలేదు. "పిల్ల వేలు కాల్చబోయానండి."

డాక్టరు అతని వంక సూటిగా చూసింది. "కొత్త ప్లేటు నేను పెడతాను. నువ్వు మళ్ళీ చెయ్యెత్తితే అది నోట్లో ఉండి లాభం లేదు. ఈసారి ఆ పిల్ల ఒంటిమీద దెబ్బ కనిపిస్తే పోలీసులకి నేనే ఫోన్ చేస్తాను."

"చెయ్యండి" అన్నాడతను.

బయట బెంచీ మీద కూచుని అప్పాయమ్మ కాగితం విప్పింది. మొదటి లైను నుంచీ మొదలుపెట్టింది. "బి-డ్డ-ను... కొ-ట్ట..."

"కండి" అంది దేవిశ్రీ. కొత్త ప్లేటుతో మాట నత్తిగా వచ్చింది. "మధ్యలో క మర్చిపోకు మామ్మా."

"మర్చిపోను తల్లీ."

సుప్రియ రోడ్డు వైపు చూస్తూ నిలబడింది. భర్త వైపు తిరక్కుండానే అడిగింది. "నిడదవోలు బస్సు ఎన్నింటికి?"

"పావుగంటలో ఉంది." అతను ఒక అడుగు ముందుకు వేశాడు. "సుప్రియా..."

"ఇంకొక్కసారి జరిగితే మేమెక్కే బస్సు అటు వెళ్తుంది. తునికి."

బస్టాండులో జనం తోసుకుంటున్నారు. దేవిశ్రీ ఒక చెయ్యి మామ్మ మంచి చేతిలో ఉంది. రెండోది గాల్లో కాసేపు తచ్చాడి, నోటి దాకా వెళ్ళింది. సత్యప్రసాద్ అరవలేదు. తన చెయ్యి చాచి, అలాగే ఉంచి నిలబడ్డాడు. బస్సు వచ్చి ఆగేసరికి, పిల్ల నోటి దగ్గరి చెయ్యి దించి తండ్రి చేతిలో ఒక్క బొటనవేలు మాత్రం పట్టుకుంది. మైనంలా మెరిసే ఆ మచ్చ మీదే.