అత్తగారి కోసం అడిగిన పుస్తకం

ఆ ఇంట్లో మామగారు కోడలితో నేరుగా మాట్లాడరు. ఏదైనా చెప్పవలసి వస్తే ఫ్యానుకో, గోడకో, చేతిలోని పేపరుకో చెబుతారు. ఆ ఆదివారం పొద్దున కూడా కాఫీ ఒక గుక్క తాగి, పైనున్న ఫ్యాను వంక చూసి, "షాపులో గుమాస్తా ఇవాళ సెలవు పెట్టాడు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావడం కుదరదు," అన్నారు.

ఫ్యాను పలకలేదు. కొడుకు పలికాడు.

"క్యారేజీ పంపిస్తాంలే నాన్నా."

పంపిస్తామన్నవాడు స్నానానికి వెళ్ళాడు, అక్కణ్ణుంచి సోఫాలోకీ, సోఫాలోంచి ఫోనులోకీ వెళ్ళిపోయాడు. వండడం, సర్దడం, మోసుకెళ్ళడం ఎప్పటిలాగే పెళ్ళాం నెత్తిన పడ్డాయి. ఆమె ఇంకో మతంలో పుట్టిన పిల్ల. పెళ్ళయి ఏళ్ళు గడిచినా మామగారి లెక్కలో ఇంకా గుమ్మం అవతలే ఉంది. "ఆయనంతేనే, మనసులో ఏమీ ఉండదు," అంటాడు మొగుడు. మనసులో ఏమీ లేని మనిషికి ఇన్నేళ్ళు ముఖం తిప్పుకోవడానికి అంత ఓపిక ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమెకి అర్థం కాదు.

అత్తగారు అలా కాదు. మొదట్లో ఆవిడా బిగుసుకునే ఉండేది గానీ మంచం పట్టాక ఆ బిగువు సడలిపోయింది. కోడలు తను పనిచేసే కళ్ళద్దాల షాపులో సగం పూటకి ఒప్పించుకుని, మధ్యాహ్నానికల్లా ఇల్లు చేరేది. తల దువ్వేది, అన్నం కలిపి పెట్టేది, పక్క మార్చేది. ఆవిడ కోడల్ని "పిట్టా" అని పిలిచేది. ఇల్లంతా ఆరిందాలా తిరిగే కోడలికి ఆ పేరెందుకో ఆవిడకే తెలియాలి.

ఒక మధ్యాహ్నం అత్తగారు తలుపు వంక ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"ఏమే పిట్టా, ఒకటి అడుగుతాను, నవ్వవు కదా?"

"నవ్వను, చెప్పండత్తయ్యా."

"ఇన్నేళ్ళ నుంచీ రోజూ దణ్ణం పెడుతున్నానా, ఇంతమంది దేవుళ్ళున్నారు కదా, ఒకరికి పెడితే ఇంకొకరికి కోపం రాదుటే? అసలు నేను పెట్టే దణ్ణం ఎవరికి చేరుతోందంటావు?"

"నన్నడుగుతారేంటి! మామయ్యకి దేవుడి పుస్తకాల షాపే ఉంటే."

"అడిగానే, కొత్తగా కాపురానికొచ్చినప్పుడు. పడీ పడీ నవ్వారు. మర్నాడు షాపుకొచ్చిన వాళ్ళందరికీ చెప్పారు, మా ఆవిడ ఇలా అడిగిందని. ఇప్పటికీ చెబుతుంటారు. పోయేలోపు తెలుసుకుని పోదామని ఉందే. నువ్వో పుస్తకం అడిగి తెచ్చి నాకు చదివి వినిపించు. నా కోసమని మాత్రం ఆయనతో అనకు. ఒట్టెయ్యి."

కోడలు ఒట్టేసింది. ముందు ఫోనులో వీడియోలు వెతికింది. ఒకాయన ఒకటి చెబితే ఇంకొకాయన అది తప్పని అరిచాడు, మూడో ఆయన ఇద్దర్నీ తిట్టాడు. ఆ అరుపులకి అత్తగారు చెవులు మూసుకుంది. ఇంక గత్యంతరం లేక ఆ సాయంత్రం మామగారి ముందు నిలబడి, "మామయ్యా, మన మతం గురించి మొదటినుంచీ తెలుసుకోవాలని ఉంది. ఏదైనా పుస్తకం ఇస్తారా?" అని అడిగింది. 'మన' అన్నందుకు ఆయన కనుబొమలు లేచాయి. లోపలికి వెళ్ళి ఇటుకంత పుస్తకం తెచ్చి బల్లమీద పెట్టి, "చదవగలిగితే చదువుకోమను," అని గోడకి చెప్పారు.

ఆయనకంటే తెలిసినవాళ్ళెవరున్నారు? అలా అనుకునే ఆమె ఆ పుస్తకాన్ని కళ్ళకద్దుకుని తీసుకుంది. అందులో శ్లోకం, శ్లోకం కింద భాష్యం, భాష్యం కింద ఆ భాష్యానికి ఇంకో భాష్యం. ఒక్క పేజీ దాటడానికి నిఘంటువుతో కుస్తీ పట్టవలసి వచ్చేది. చదివి వినిపిస్తుంటే అత్తగారు మొదట ఊ కొట్టింది, తర్వాత కళ్ళు చిట్లించింది. చివరికి ఒకరోజు కోడలి చేతి మీద చెయ్యి వేసి ఆపింది.

"పెట్టెయ్యవే పిట్టా. దేవుడు చదువుకున్నవాళ్ళకేనేమో. మనలాంటి మొద్దులకి కాదు."

ఆ తర్వాత ఆవిడ మళ్ళీ అడగలేదు. దేవుడి పటాలున్న గోడ వైపు తిరిగి పడుకునే మనిషి ఇటు తిరిగి పడుకోవడం మొదలుపెట్టింది. అలాగే పోయింది. తనకి బుర్ర ఉంటే ఆవిడ అలా పోయేది కాదని కోడలు కుమిలిపోని రోజు లేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆమె క్యారేజీ పట్టుకుని షాపుకి వెళ్ళేసరికి ఒకాయన బేరానికి వచ్చి ఉన్నాడు. చేతినిండా రంగు మరకలు, గోడలకి సున్నాలు వేసే మనిషిలా ఉన్నాడు. బేరం మధ్యలో వెళ్ళడం ఎందుకని ఆమె బీరువా పక్కనే ఆగింది.

"హిందూ మతం గురించి ఏమైనా చెప్పే పుస్తకం కావాలండీ," అన్నాడతను.

"ఎవరి కోసం బాబూ?" మామగారి గొంతు వెన్నలా ఉంది. ఆ గొంతు అలా కూడా పలుకుతుందని ఆమెకి ఆ రోజే తెలిసింది.

"నాకేనండి. ఇంట్లో ఎవరూ చెప్పలేదు. కొత్తగా మొదలుపెడదామని."

"చదవడం అలవాటుందా? రాత్రిపూట చదువుతావా, పనికి వెళ్ళేటప్పుడా? ఎవరైనా పోయారా, మనసు బాలేదా? ఏం తెలుసుకోవాలనిపించింది ముందు?" అన్నీ నిదానంగా విని, ఆయన కింది అరలోంచి పెద్ద అక్షరాల పుస్తకం ఒకటి తీశారు. "కథలతో మొదలుపెట్టు. నచ్చినచోట ఆగు, తోచింది అడుగు. ఆ తర్వాత చిన్న చిన్న పద్యాలు, వట్టి తాత్పర్యం ఉన్నవి ఇస్తాను. తొందరేం లేదు."

"మరి అదో, ఆ లావుపాటిదండీ?"

కోడలు చూసింది. అదే ఇటుక.

మామగారు నవ్వారు. "అది మొదటే ఇస్తే మనిషి మళ్ళీ దేవుడి జోలికి రాడు. ఈత రానివాణ్ణి నడిసముద్రంలోకి తోసినట్టే. ఇన్నేళ్ళలో కొత్తవాళ్ళెవరికీ ఇవ్వలేదు నేను."

ఆమె క్యారేజీ బల్లమీద పెట్టి వచ్చేసింది. దారంతా ఒకటే అనుకుంటూ నడిచింది. తను మొద్దు కాదు. అత్తగారూ మొద్దు కాదు.

సాయంత్రం మామగారు ఇంటికొచ్చి కుర్చీలో కూర్చున్నారో లేదో, ఆమె ఆ పుస్తకం తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"కొత్తవాళ్ళెవరికీ ఇవ్వలేదన్నారుగా. నాకెందుకిచ్చారు?"

మామగారు అలవాటుగా ఫ్యాను వంక చూశారు.

"ఫ్యానుకి కాదు మామయ్యా. నాకు చెప్పండి."

"ఇప్పుడు పుస్తకం గొడవెందుకే?" అన్నాడు మొగుడు ఫోనులోంచి తలెత్తి.

"మీరు ఊరుకోండి. ఇన్నాళ్ళూ ఊరుకున్నారుగా, ఇవాళ కూడా ఊరుకోండి."

మామగారి ముఖం ఎర్రబడింది. "నిజంగా కావాలనుకున్నవాళ్ళు ఎంత లావు పుస్తకమైనా చదువుతారు."

"అబద్ధం. ఆ సున్నాలాయనకి అలా చెప్పలేదు మీరు."

 ఆయన నేల చూపులు చూస్తూ, "ఎక్కడి పిల్లవో. నాలుగు రోజుల సరదా అనుకున్నాను. దాన్ని చూస్తే బెదిరి వదిలేస్తావనుకున్నాను," అన్నారు.

"వదల్లేదు. అక్షరం అక్షరం చదివాను. ఎవరో దారినపోయే మనిషిని ఎవరి కోసమని అడిగారే, నన్నెందుకడగలేదు? అడిగి ఉంటే ఒట్టు గట్టున పెట్టి చెప్పేసేదాన్ని. నా కోసం కాదు మామయ్యా. అత్తయ్య కోసం."

మొగుడి చేతిలో ఫోను కిందికి దిగింది.

"దానికా?" అన్నారు మామగారు. "దానికెందుకు? నన్నడగొచ్చుగా?"

"అడిగిందిటగా ఒకసారి. ఒక దేవుడికి దణ్ణం పెడితే ఇంకొక దేవుడికి కోపం రాదా అని. మీరు నవ్వారట. షాపులో అందరూ నవ్వారట. మళ్ళీ నవ్వుతారని మీతో చెప్పొద్దంది."

ఆయనకి ఆ హాస్యం ఎంత ఇష్టమో ఇంటిల్లిపాదికీ తెలుసు. చుట్టాలొస్తే చెప్పేవారు, అత్తగారు పక్కన కాఫీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉండగానే. ఇప్పుడు ఆయన కోడలి వంక తిరిగారు.

"చివరికి... ఏమంది?"

అబద్ధం చెబుదామా అని కోడలికి ఒక్క క్షణం అనిపించింది. ముసలాయన. ఈ వయసులో తట్టుకోలేరు. కానీ ఇటు తిరిగి పడుకున్న అత్తగారు గుర్తొచ్చి మనసు రాయి చేసుకుంది.

"దేవుడు చదువుకున్నవాళ్ళకేనేమో, మనలాంటి మొద్దులకి కాదు అంది. అలాగే అనుకుంటూ పోయింది."

"కాదు," అన్నారు మామగారు. కుర్చీ చేతులు పట్టుకుని ముందుకు వంగారు. "కాదమ్మా. కోపం ఎందుకొస్తుంది? ఉన్నది ఒక్కరే. నిన్ను వాడు ఏమే అంటాడు, మీ అమ్మ తల్లీ అంటుంది, అది పిట్టా అనేది. ఎవరు పిలిచినా పలికేది నువ్వేగా? అంతే. ఏ పేరుతో పెట్టినా దణ్ణం అక్కడికే చేరుతుంది. దాని దణ్ణాలన్నీ చేరాయి."

కోడలు ఆ లావుపాటి పుస్తకం వంక చూసింది. శ్లోకం లేదు, భాష్యం లేదు. చంటిపిల్లకి చెప్పినా తెలుస్తుంది.

"ఇంతేనా మామయ్యా?"

"ఇంతే."

"ఇది చెప్పడానికి మీకు నిమిషం కూడా పట్టలేదు."

మామగారు రెండు చేతుల్లో ముఖం దాచుకుని పసివాడిలా వెక్కి వెక్కి ఏడ్చారు. కొడుకు లేచి వచ్చి ఆయన వెనక నిలబడ్డాడు గానీ ఏం చెయ్యాలో తోచలేదు. ఓదార్చాలని కోడలికి అనిపించలేదు. కానీ ఆ ఇంట్లో అత్తగారి కోసం ఏడ్చే మనిషి తనొక్కతే కాదని మొదటిసారి తెలిసి, ఆమె కూడా ఆయన ఎదురుగా నేలమీద కూర్చుని ఏడ్చింది.