కంచు ఎలుగుబంటికి రెండు బకెట్ల ఉప్పు

"ఇక చూద్దాం, ఎవరు జారిపడతారో" అనుకుంటూ ఓడిల్ ఖాళీ బకెట్‌ను బోర్లించి దులిపింది.

మధ్యాహ్నం పన్నెండు కావస్తోంది. టీచర్లకు ట్రైనింగ్ ఉండి బడికి సెలవిచ్చారు. అందుకే పదేళ్ల ఓడిల్ అమ్మ వెంట ఒటావాలోని ఆర్ట్ మ్యూజియానికి వచ్చింది. తోటలోని శిల్పాలు పాడవకుండా చూసుకోవడం వాళ్లమ్మ జినెట్ ఉద్యోగం.

రేపు ఓడిల్ క్లాసు పిల్లలంతా ఇక్కడికే వస్తున్నారు. ముందు చూసేది కంచు ఎలుగుబంటినే. దాని చుట్టూ చూస్తే నున్నటి మంచుగడ్డ. కాలు పెడితే జర్రున జారుతోంది.

ఇంటి మెట్ల మీద ఏం చేస్తుందో ఇక్కడా అదే చేసింది ఓడిల్. మంచు కరగడానికి కార్ల పార్కింగ్ దగ్గరున్న పెట్టెలోంచి ఉప్పు తెచ్చి చల్లింది. ఒకటి కాదు, రెండు బకెట్లు. ఎలుగుబంటి కాలివేళ్ల సందులు కూడా వదల్లేదు. ఎవరూ చెప్పకుండా చేసిన పని కదా, మెచ్చుకోలు కాస్త ఎక్కువే దక్కుతుందని ఆమె ఆశ.

లోపల సూప్ తాగుతుండగా ఎవరో ఫోన్ చేశారు. అమ్మ కోటు కూడా సరిగా తొడుక్కోకుండా బయటికి పరుగెత్తింది. ఓడిల్ వెనకే వెళ్లింది.

ఎలుగుబంటి చుట్టూ మంచు కరగడం మొదలైంది. అమ్మ మోకాళ్ల మీద కూర్చుని తెల్లటి పలుకులు ఏరుతోంది. పక్కన ఫెర్నాన్ నిలబడి ఉన్నాడు. ఇరవై ఏళ్లుగా ఈ తోటలో మంచు ఎత్తేది ఆయనే.

"శిల్పాల దగ్గర ఇసుకే చల్లాలని నాకు తెలీదా జినెట్?" అంటున్నాడాయన.

"మీకు తెలుసనే అడుగుతున్నాను ఫెర్నాన్ గారూ. ఉప్పునీళ్లు కంచును తినేస్తాయి. ఎండ చూడండి ఎలా వస్తోందో. పొద్దున డ్యూటీ మీదే కదా?"

"నాదే. చల్లి మర్చిపోయానంటావా? ముసలివాణ్ణయ్యాను, అలాగే అనుకో."

నవ్వుతూనే అన్నాడు గానీ ఆయన ముఖం చిన్నబోయింది.

ఓడిల్ ఉప్పు చల్లడం ఎవరూ చూడలేదు. నోరు మూసుకుంటే సరిపోతుంది. కానీ ఫెర్నాన్ ముఖం చూసి ఓడిల్ ఒక అడుగు ముందుకేసింది.

"నేనే" అంది.

"ఏంటి నువ్వే?" అంది అమ్మ.

"ఉప్పు. రెండు బకెట్లు. కాలివేళ్ల సందుల్లో కూడా."

అమ్మ కళ్లు మూసుకుంది. ఫెర్నాన్ మాత్రం ఓడిల్‌ను ఎగాదిగా చూశాడు.

"ఎలుగుబంటిని ఊరగాయ పెడదామనుకున్నావా తల్లీ?"

అమ్మకు కోపం రావలసిన చోట నవ్వొచ్చింది. వెంటనే లేచి నిలబడింది. "సరే, ఎక్కడెక్కడ చల్లావో చూపించు. ఒక్క చోటు కూడా మర్చిపోకు."

ఓడిల్ అన్నీ చూపించింది. పొట్ట కింద మూలలో కూడా చల్లింది, ఆ సంగతి వాళ్లకు తెలిసేదే కాదు. ముగ్గురూ ఉప్పు మంచునంతా ఎత్తి దూరంగా పోశారు. మంచినీళ్లతో పాదాలు కడిగి, గుడ్డలతో పొడిగా తుడిచారు. రెండు గంటలు పట్టింది. ఓడిల్ చేతులు ఎర్రగా కందిపోయాయి.

"సారీ ఫెర్నాన్ గారూ. తిట్లు మీకు పడ్డాయి."

"పోనీలే. నన్నొక్క మాట అడిగుంటే ఇసుక బస్తా చూపించేవాణ్ణిగా" అన్నాడాయన.

మర్నాడు పిల్లలందరూ ఎలుగుబంటి చుట్టూ మూగారు. దాని ముక్కు మీద పావురం రెట్ట కనిపించింది.

"ఛీ, చూడు" అన్నాడు ఓడిల్ స్నేహితుడు తారిక్. "నీ మఫ్లర్‌తో తుడిచెయ్."

ఓడిల్ మఫ్లర్ విప్పింది. ముక్కు దాకా చెయ్యి చాచి, ఆపేసింది. మఫ్లర్ మళ్లీ మెడకు చుట్టుకుని, ఇసుక చల్లుతున్న ఫెర్నాన్ దగ్గరికి వెళ్లింది.

"రెట్టను దేంతో తుడవాలి?"

ఫెర్నాన్ టోపీ వెనక్కి నెట్టి ఆలోచించాడు.

"ఏమో, నాకూ తెలీదు. పద, మీ అమ్మను అడుగుదాం."