కొస దొరకని ముగ్గు

కామారెడ్డిల నా ఫోటో స్టూడియో నడిచినన్ని రోజులు నా కెమెరా ముంగట రెప్ప వేసినోడు లేడు. ఏడ్చే పసిపిల్లలు సుత నన్ను చూసి గప్‌చుప్ అయ్యేది. అసొంటి ముత్తయ్యను నేను. స్టూడియో మూసినంక ఖాళీగ కూసుంటనా? కంప్యూటర్ మీద ఫ్రాక్టల్ బొమ్మలు పట్టిన.

తెలువనోళ్లకు చెప్త. చిన్న లెక్క ఒకటి ఇస్తే కంప్యూటర్ బొమ్మ గీస్తది. ఆ బొమ్మ అంచును పెద్దగ చేసి చూస్తే అండ్ల మళ్ల అసొంటి బొమ్మే. దాని అంచుల ఇంకోటి. ఎంత లోపలికి పోయినా అడుగు తగలది. నేను పోయినంత లోతుకు ఈ జిల్లాల ఎవడూ పోలే. నా కంప్యూటర్ వేడికి చలికాలంల మా గల్లీ అంత వెచ్చగుండేది. నమ్మకపోతే మీ ఇష్టం.

నా భార్య చంద్రవ్వకు మాత్రం అవి గిట్టవు. "లోపటికి పోవుడే గాని బయటికొచ్చే తొవ్వ లేదా దీనికి?" అనేది. ఆమె రోజూ పొద్దుగాల పేడనీళ్ల సాన్పు చల్లి, నిన్నటి ముగ్గు చెరిపి, కొత్త ముగ్గేస్తది. గీత కొసలు కలిసేదాక లేవది.

మొన్నటి వానకాలం ఆమె ఎల్లారెడ్డిల చెల్లె ఇంటికి పోయింది. నాకు ఆలోచన తట్టింది. నా బొమ్మలల్ల రాజు లాంటిదాన్ని ముగ్గు తీరుగ తెల్ల గీతలల్ల మలిచి, ఫ్లెక్సీ కొట్టిచ్చి, గడప నుంచి గేటు దాక పరిచిన. ఫ్లెక్సీ షాపు సాయిలత దాన్ని చూసి మొఖం తిప్పుకుంది.

"కాకా, చూస్తుంటే లోపటికి గుంజుతుంది. గిది ముగ్గా?"

"రోజూ వంగే పని లేదు బిడ్డా. మీ చిన్నమ్మ నడుముకు నా ఇనాం."

"చిన్నమ్మను అడిగినవా?"

"ఇనాం ఇచ్చేటోడు అడుగుతడా?"

ఫోన్ల చెప్తే చంద్రవ్వ మెల్లగ అంది. "ముగ్గంటే ఇయ్యాల ఏసి రేపు చెరిపేది. చెరగనిదాన్ని ఇంటి ముంగట పెడ్తవా? తీసెయ్. నేనొస్తున్న."

తియ్యలే. ముత్తయ్య పరిచింది ముత్తయ్యే తీస్తడా?

పొద్దుగూకుతుంది. ముసురు పట్టి కరెంటు పోయింది. తడి మన్ను వాసన, దాని నడుమ ఫ్లెక్సీ రంగుల ఘాటు. నేను గడప మీద నిలబడి ఉన్న. బయట ఆటో ఆగింది. గేటు కిర్రుమంది. చంద్రవ్వ, చేతిల సంచి.

"తియ్యలేదన్నట్టు," అంది. చెప్పులు ఇడిచి ఫ్లెక్సీ మీద కాలు పెట్టింది.

గేటుకు, గడపకు నడుమ మంచమేస్తే మనిషి తిరగరాదు. గంతే జాగ. చంద్రవ్వ నడుస్తుంది. చప్... చప్... నడుస్తనే ఉంది. దగ్గరికొచ్చే మనిషి పెద్దగ కనవడాలె గదా.

ఆమె చిన్నగైతుంది.

మొదలు చిన్నపిల్లంత. తర్వాత బిందెంత. తెల్ల గీత మలుపు తిరిగింది. ఆ మలుపుల ఇంకో మలుపు... ఆ తొవ్వ నాకెరుకే. కంప్యూటర్ల నేను దిగిన తొవ్వే.

"ఏమయ్యా... గడప గింత దూరమైందేంది?" మనిషి చెంబంత అయింది. గొంతు మాత్రం నా చెవి పక్కన్నే.

"ఆగు! కదలకు!"

"ఆగే ఉన్న... అదే నడిపిస్తుంది."

నేను గడప దిగలే. వానకు. భయమంటే నేను ఒప్పుకోను. గొంతు చించుకొని ఒర్రిన. "ఏయ్! నేను గీస్తే పుట్టినవు! నా పెండ్లాన్నే మింగుతవా? ఇడువు!"

చుట్టూ వాన. ఫ్లెక్సీ మీద మాత్రం చుక్క పడ్త లేదు. ఆ బొమ్మ నవ్వలే, అరవలే. ఊకె... ఉంది.

ముగ్గుకు కొసలు కలవాలె. చంద్రవ్వ పద్ధతి యాదికొచ్చింది. ముగ్గు డబ్బ గుంజుకొచ్చి, మోకాళ్ల మీద పాకుకుంట ఫ్లెక్సీ అంచు వెంబడి పిండి పోసిన. కొస కొసకు కలిసింది. వెంటనే చెయ్యి బొమ్మ లోపటికి పెట్టిన. భుజం దాక పోయింది. వేళ్లకు చెయ్యి తగిలింది. బావిల పడ్డ బర్రెను ఒంటిచేత్తో గుంజినోన్ని నేను. గుంజిన!

చంద్రవ్వ గడపల పడ్డది. నిండు మనిషి. చీర పొడిగ ఉంది. అంత వానల, ఒక్క చుక్క తడి లేదు.

ఆమెను పండబెట్టి, ఫ్లెక్సీని చుడుతున్న. చుట్ట లోపటికెల్లి గొంతు.

"ఏమయ్యా... నేనింకా గేటు కాడనే ఉన్న."

అప్పటి నుంచి ఆ చుట్ట సజ్జ మీదుంది. రోజూ దింపి, పరిచి, చెయ్యి పెట్టి చూస్త. ఉత్త ప్లాస్టిక్ తగులుతది. నేను కలిపిన గీత సున్నం తీరుగ గట్టిపడ్డది. నా గీతే తలుపు మూసిందేమో.

ఇంట్ల ఉన్న చంద్రవ్వ వండుతది, నవ్వుతది. పొద్దుగాల ముగ్గు సుత ఏస్తది. కొసలు మాత్రం కలపది. నేను పోయి కలిపొస్త. రోజూ ఒక్కటే అడుగుతది. "ఆ ఫ్లెక్సీనెప్పుడు కాలుస్తవయ్యా?"

కాల్చ. పానం పోయినా కాల్చ. ఇంట్ల ఉన్నదెవరో తేలేదాక ముత్తయ్య ఈ గడప ఇడువడు. దెయ్యమే అయితే నాతోని కాపురం చేసి చూడమనుండ్రి!

ఇయ్యాల పొద్దుగాల సజ్జ మీద సాన్పు చల్లినట్టు చప్పుడైంది. చుట్ట కొస నుంచి పేడనీళ్లు కారుతున్నయి. విప్పి చూసిన. నేను పోసిన గీత ఒక పక్క జానెడు చెరిగింది.

లోపటి దిక్కుకెల్లి.