డిపో క్యాంటీన్లో చదరంగం

జోనల్ చెస్ సంఘం ఆఫీసు రెండో అంతస్తులో ఉంది. ఆమె గొంతు కింద మెట్ల దాకా వినిపించింది.

"ఆ కాగితం లేదంటే తెచ్చాను. ఈ సంతకం లేదంటే చేయించాను. ఇంకా ఏం లేదో అదీ చెప్పేయండి సార్, నా బస్సుకి టైమవుతోంది."

ఖాకీ యూనిఫాం, భుజాన టికెట్ల సంచి. సిటీ బస్సులో కండక్టరు ఆమె. తమ డిపో క్యాంటీన్లో అందరూ ఆడగలిగే చెస్ టోర్నమెంట్ పెట్టాలని పట్టుబట్టింది. డిపోలో డ్రైవర్లు, మెకానిక్కులు డ్యూటీల మధ్య ఏళ్ల తరబడి ఆడుతున్నారు, బాగా ఆడుతున్నారు. కానీ సంఘం అనుమతి లేని పోటీలో గెలిస్తే ఆ గెలుపు ఎక్కడా చెల్లదు. రేటింగ్ రాదు.

అనుమతి ఇవ్వాల్సిన సెక్రటరీ ఆమె వైపు చూడకుండా కళ్లద్దాలు తుడుచుకుంటూ, డిపోలో ఆడేది ఆట కాదనీ, కాలక్షేపమనీ సెలవిచ్చాడు.

పక్క కుర్చీలోని యువకుడు గొంతు సవరించుకున్నాడు. అతను సెక్రటరీకి మేనల్లుడు. స్కూల్లో లెక్కల మాస్టారు, సెలవుల్లో సంఘం పోటీలకు ఆర్బిటర్. అంటే ఆటలో తగువులు తీర్చే మనిషి.

"రూల్ ప్రకారం ముందు హాలు తనిఖీ చేయాలండీ."

ఆమె గిర్రున తిరిగింది. "ఓహో, మీదో కొత్త మెలికా?"

"మెలిక కాదండీ. నేనే వచ్చి చూస్తాను."

"రండి. రన్నింగ్‌లో మాత్రం ఎక్కకండి, పళ్లు రాలతాయి," అని చెప్పి ఆమె మెట్లు దిగిపోయింది. అతను చాలాసేపు గుమ్మం వైపే చూస్తుండిపోయాడు. మావయ్య రెండుసార్లు దగ్గాడు.

ఆదివారం అతను డిపోకు వెళ్లేసరికి వాన దంచికొడుతోంది. క్యాంటీన్ పొడుగ్గా, శుభ్రంగా ఉంది. బల్లలు తుడిచి వరసగా వేశారు. లైట్లన్నీ వెలుగుతున్నాయి. అతను టేపుతో బల్లల మధ్య దూరం కొలుస్తుంటే ఆమె రెండో కొస పట్టుకుంది. అంతా సవ్యంగా సాగుతుండగా పైరేకు సందులోంచి ఒక చుక్క జారి సరిగ్గా అతని ముక్కు మీద పడింది.

అతను పెన్ను తీశాడు. ఆమె మొహం మాడిపోయింది.

"రాసేయండి. ఇందుకే కదా మీ మావయ్య మిమ్మల్ని పంపింది."

"కురుస్తోంది కాబట్టి కురుస్తోందనే రాస్తాను. ఒక రేకు మారిస్తే సరిపోతుందని కూడా రాస్తాను. ఉన్నది రాయడానికి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు."

 ఆమె ఒక పొడి తువ్వాలు తెచ్చి బల్ల మీద పెట్టి, ముక్కు తుడుచుకోమంది. అది తువ్వాలా, ఇంజను తుడిచే గుడ్డా అని అతను అనుమానంగా అడిగాడు. మీ ముక్కుకి ఏదైనా ఒకటేనంది ఆమె. ఇద్దరూ ఒకేసారి నవ్వేశారు.

మర్నాడే రేకు మారింది. హాలు పనికొస్తుందని అతను రిపోర్టు ఇచ్చాడు.

ఆ సాయంత్రం మావయ్య అతని ఇంటికి వచ్చాడు. అతని తల్లికి ఆయన స్వయానా తమ్ముడు. తండ్రి పోయాక ఈ ఇంట్లో ఆయన మాటే చెల్లుతోంది. రిపోర్టు వెనక్కి తీసుకుని, హాలు పనికిరాదని మార్చి రాయమన్నాడు ఆయన. ఖాకీ బట్టలవాళ్లు వచ్చి కూర్చుంటే సంఘం పరువేం కావాలని అడిగాడు.

"మార్చను మావయ్యా."

"ఆర్బిటర్ని చేసింది నేను. తీసేయడం కూడా నాకు తెలుసు."

"తీసేయండి. హాలు మాత్రం పనికొస్తుంది."

తల్లి గుమ్మంలో నిలబడి అంతా విన్నది.  చిన్నప్పుడు తమ్ముడి ఆటలు పక్కన కూర్చుని చూస్తూ ఆమె చెస్ నేర్చుకుంది. ఆడపిల్లకు పోటీలెందుకని ఇంట్లో ఆమెను ఒక్కసారీ ఆడనివ్వలేదు. ఆ సంగతి కొడుక్కి తెలియదు. ఆ రాత్రి భోజనాల దగ్గర మొదటిసారి చెప్పింది.

కమిటీ సమావేశంలో సెక్రటరీ కొత్త కారణం తీశాడు. టికెట్ టికెట్ అని అరుచుకునేవాళ్లు ఆట జరిగినంతసేపు నిశ్శబ్దంగా ఉండలేరనీ, అలాంటి చోటు చెస్‌కు పనికిరాదనీ అన్నాడు.

హాలు వెనకవైపు డిపోవాళ్లు యూనిఫాంలతోనే వచ్చి కూర్చున్నారు. వాళ్లలో ముందు వరసలో ఆమె. ఒక్కరూ నోరు విప్పలేదు. ఆయన రెచ్చగొట్టేకొద్దీ ఇంకా కదలకుండా కూర్చున్నారు. ఆమె దవడలు బిగుసుకున్నాయి, చెవులు ఎర్రబడ్డాయి. మాట మాత్రం రాలేదు. చివరికి మొత్తం హాల్లో సెక్రటరీ గొంతొక్కటే మిగిలింది. అది ఆయనకే వింతగా తోచి మధ్యలో ఆగిపోయాడు.

అధ్యక్షురాలు, పెద్ద వయసు డాక్టరమ్మ, వెనక్కి చూసి చిన్నగా నవ్వింది. ఆర్బిటర్‌ను అతని అభిప్రాయం అడిగింది.

"నేను రాసినదాంట్లో అక్షరం మార్చనండీ. అనుమతి ఇవ్వకపోయినా వాళ్లు ఆడతారు. ఆడితే ఆర్బిటర్‌గా నేను వెళ్తాను. తర్వాత నన్ను ఉంచుతారో తీసేస్తారో మీ ఇష్టం."

ఓట్లు వేశారు. ఒక్క ఓటు తేడాతో అనుమతి వచ్చింది. సెక్రటరీ ఫైలు చంకన పెట్టుకుని విసవిసా వెళ్లిపోయాడు.

బయట సన్నగా జల్లు పడుతోంది. మెట్ల మీద ఆమె ఒక్కతే నిలబడి ఉంది. అతను పక్కన చేరాడు.

"ఒక మాట చెప్పాలి."

"రూలా?"

"కాదు. మీరంటే ఇష్టం. ఆఫీసులో మా మావయ్య మీద అరిచారు చూడండి, అప్పటినుంచి."

ఆమె వానలోకి చూసింది. నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది.  ఇవాళ ఔనంటే అనుమతి ఇప్పించినందుకు అన్నట్టు ఉంటుందని, తనకు అలాంటి బాకీలు పడవని అంది. టోర్నమెంట్ మొదలయ్యాక చూద్దామంది.

పోటీ రోజు డిపో క్యాంటీన్ కిటకిటలాడింది. సెక్రటరీ రాలేదు. ఆయన అక్కయ్య వచ్చింది, అదీ ఆడటానికి. కొడుక్కి కూడా చెప్పకుండా పేరు ఇచ్చిందట. కంప్యూటర్ జోడీలు కలిపితే మొదటి రౌండ్లో ఆమె ఎదుటి కుర్చీలోకి కండక్టరమ్మాయే వచ్చింది. తల్లి ఆట జోలికి పోకూడదు కాబట్టి ఆ బల్ల చూసే పని రెండో ఆర్బిటర్‌కు అప్పగించి, అతను దూరంగా తచ్చాడసాగాడు. కళ్లు మాత్రం అటే పోతున్నాయి.

తల్లి మొదట్లో తడబడింది.  ఆమె కాస్త కుదురుకున్నాక కండక్టరమ్మాయి గుర్రానికి గండం వచ్చింది. "మేడమ్, మీరు మామూలు మనిషి కాదు," అని గొణిగింది.

దూరంగా తచ్చాడుతూ ఇటే చూస్తున్న కొడుకును ఒకసారి చూసి, తల్లి ముందుకు వంగింది.

"అమ్మాయ్, మా వాడంటే నీకు ఇష్టమేనా?"

ఆమె గుర్రాన్ని తీసి ఇంకో గడిలో పెట్టింది. గడియారం బటన్ నొక్కింది. తలెత్తి సూటిగా చూసింది.

"ఎత్తు మీదే, అత్తయ్యా."

పక్క బల్లలవాళ్లు తలలు తిప్పారు. రెండో ఆర్బిటర్ నవ్వాపుకుంటూ ఇవతలికి సైగ చేశాడు. అతను గబగబా వచ్చి, ఆట మధ్యలో మాటలు కుదరవని, ఇద్దరికీ హెచ్చరిక రాయాల్సి వస్తుందని గుసగుసగా చెప్పాడు. చెవులు మాత్రం ఎర్రగా కందిపోయాయి.

"రాసుకోరా," అంది తల్లి, మంత్రిని ముందుకు జరుపుతూ. "మీ మావయ్యకి కూడా చూపించు."