పిట్టకు పెట్టిన గ్లాసు

పెన్‌పహాడ్ దగ్గరి ఓ ఊళ్లో అచ్చయ్య పోయిన మూడో రోజు. అతన్ని పూడ్చిన బొంద దగ్గర పిట్టకు పెడుతున్నారు. పోయినవాడు ఇష్టంగా తిన్నవన్నీ విస్తట్లో పెట్టి, కాకి ముట్టేదాకా అందరూ దూరంగా నిలబడాలి. భార్య నాగమణి కోడికూర, గారెలు పెట్టింది. మందు మాత్రం పెట్టనంది. మొగుణ్ని మింగిందే అది. కొడుకు రమేష్‌ని కూడా సగం తినేసింది. ఇంకో చుక్క పడితే బతకడని సూర్యాపేట దవాఖానలో చెప్పాక మానేశాడు.

ఎండ నడినెత్తికొచ్చినా కాకి రాలేదు. శామియానా కింద మందు పెట్టెల పక్కన కూర్చున్న చుట్టాలకు ఓపిక నశించింది. పెళ్లయినా చావైనా వాళ్లకు ఒకటే, మూత తియ్యడానికి ఓ సాకు కావాలి.

"ఆడు తాగకుంట ఏనాడన్న ముద్ద ముట్టిండా పిల్లా?" అచ్చయ్యకు అన్న అయిన కృష్ణ జేబులోంచి క్వార్టర్ తీశాడు.

"వద్దు బావా."

"నీ మొండితనానికి నా తమ్ముడు దూపతోని పోవాల్నా?"

మొగుడు దాహంతో పోతాడన్న మాటకు నాగమణి మెత్తబడింది. పోనీలెమ్మని తలూపింది.

విస్తరి పక్కన పెట్టిన గ్లాసు నిండింది. గాలి ఆగిపోయింది. ఘాటు వాసన ముక్కులకు పట్టింది. అప్పుడు... మందు తగ్గసాగింది. కాకి లేదు. చీమ కూడా లేదు. గుటక... తర్వాత గుటక...

భయపడి పారిపోవాల్సిన జనం ఈలలేశారు! "ముట్టిండు! అచ్చయ్య ముట్టిండు!" కృష్ణ మళ్లీ నింపాడు. మళ్లీ ఖాళీ.

గుటక చప్పుడు నాగమణి వెనక నుంచి వస్తోంది. తిరిగి చూసింది. రమేష్. పెదాలు బిగించే ఉన్నాయి. గొంతు మాత్రం కదులుతోంది.

"అమ్మా... నేను ముట్టలే..." గుప్పున మందు వాసన. "కడుపు మండుతున్నదే..."

నాగమణి ఉరికిపోయి గ్లాసును కాలితో తన్నింది. "పొయ్యకు బావా! నా కొడుకు సస్తడు!"

రమేష్ మోకాళ్ల మీద కూలబడ్డాడు. నోరు తెరిచాడు. వచ్చిన గొంతు అతనిది కాదు.

"ఇంకింత పొయ్యి అన్నా..."

కృష్ణ ఉలిక్కిపడ్డాడు. మరుక్షణం కళ్లనిండా నీళ్లు. "వచ్చినవా రా అచ్చయ్యా..." అంటూ సీసా ఎత్తి ఆ నోటి వైపే నడిచాడు.

నాగమణి కొడుకు దగ్గరికి ఉరికొచ్చి రెండు చేతులతో అతని నోరు మూసింది. "ఎవరన్న ఆపుండ్రి!" అని అరిచింది.

శామియానా కింది మగాళ్లంతా లేచారు. ఒక్కరూ కృష్ణను ఆపలేదు. ఆమె వైపే వస్తూ అందరూ నోళ్లు తెరిచారు. అన్ని నోళ్లలోంచీ అదే గొంతు...

"ఇంకింత పొయ్యి అన్నా..."

ఆమె అరచేతుల కింద రమేష్ గొంతు ఇంకా గుటకలు వేస్తూనే ఉంది.